ఆరు నెలల్లోపు బిడ్డకు షుగర్ వస్తే జన్యు పరీక్ష చేయించాలి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో పిల్లల మధుమేహం గురించి మీరు వేసిన వ్యాసం చదివాను. టైప్ 1 పిల్లలకు ఇన్సులిన్ ఎందుకు ఆపకూడదో వివరంగా, భయపెట్టకుండా చెప్పారు. సంతోషం. కానీ చివరి పేరాలో ‘చిన్నపిల్లలకు షుగర్ వచ్చిందంటే జీవితాంతం సూదులు తప్పవు’ అని ఒక మాట ఉంది. బడికెళ్ళే వయసు పిల్లల్లో చాలామంది విషయంలో అది నిజమే. పుట్టిన ఆరు నెలల్లోపు షుగర్ బయటపడిన పసిబిడ్డల విషయంలో మాత్రం ఆ మాట అనేయడానికి వీల్లేదు. వాళ్ళలో ఎక్కువమందిది అసలు టైప్ 1 కానే కాదు, ఒకే ఒక్క జన్యువులో తేడా వల్ల వచ్చే జబ్బు. అందులో ఒక రకానికి, మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఏనాటి నుంచో వేసుకుంటున్న పాత షుగర్ బిళ్ళ ఇన్సులిన్ కంటే బాగా పనిచేస్తుంది. ఎవరిది ఆ రకమో తెలియాలంటే జన్యు పరీక్ష చేయించాల్సిందే. మీ వ్యాసంలో ఆ పరీక్ష ఊసే లేదు.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. క్లోమం బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. అయినా ఈ జబ్బు పేరు నేను మొదటిసారి విన్నది మా మనవరాలి వల్లే. అమ్మాయి మా ఇంట్లోనే పురుడు పోసుకుంది కాబట్టి మొదటి నుంచీ అన్నీ నా కళ్ళెదుటే జరిగాయి.

పాప పుట్టినప్పుడే కాస్త తక్కువ బరువు. రెండో నెల నడుస్తుండగా పాలు ఎంత పట్టినా ఇంకా కావాలని ఏడవడం మొదలుపెట్టింది. తాగిన పాలు ఒంటికి పట్టేవి కావు. పొడి గుడ్డ వేసిన కాసేపటికే మళ్ళీ తడిపేసేది. ఒకరోజు బట్టలుతికే ఆమె పెరట్లోంచి నన్ను పిలిచి, ‘అమ్మగారూ, పాప ఉచ్చగుడ్డలకే చీమలు పడుతున్నాయి, తక్కిన బట్టల జోలికి పోవట్లేదు’ అని చూపించింది. బకెట్ అంచు మీదుగా చీమల బారు నేరుగా ఆ గుడ్డల దగ్గరికే వెళుతోంది. ఆ సాయంత్రమే ఊళ్ళో డాక్టరుకు చూపిస్తే కఫం చేసిందని మందు రాసి పంపారు. తెల్లారేసరికి పాపకు ఆయాసం ఎక్కువైంది, డొక్కలు ఎగరేస్తోంది. గుంటూరు తీసుకెళ్ళాం. అక్కడ గ్లూకోమీటరు మీద అంకె కూడా పడలేదు, ‘హై’ అని మాత్రం వచ్చింది.

ప్రాణం నిలబెట్టారు. ఆ వార్డులో పనిచేసిన డాక్టర్ల, నర్సుల మేలు మా ఇంట్లో ఎవరూ మరిచిపోరు. అయితే డిశ్చార్జి కాగితం మీద ‘టైప్ 1’ అని రాసి, సూది వేయడం నేర్పి, జీవితాంతం ఇంతే అని చెప్పి పంపారు. జన్యువుల మాట ఎవరూ ఎత్తలేదు.

అంత చిన్న బిడ్డకు ఇన్సులిన్ వేయడం ఎంత కష్టమో వేసినవాళ్ళకే తెలుస్తుంది. వేయాల్సింది అర యూనిట్, మహా అయితే ముప్పావు. మనకు మామూలుగా దొరికే ఎర్రమూత సిరంజి మీద ఒక గీత అంటే ఒక యూనిట్. గీతకూ గీతకూ మధ్య సగం ఎక్కడుందో కంటితో అంచనా వేయాలి. కళ్ళద్దాలు పెట్టుకుని, సిరంజిని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి చూసేదాన్ని. తొడ మీద కండ పట్టుకుందామంటే చర్మం తప్ప ఏమీ చేతికి వచ్చేది కాదు. సూది తీశాక చిన్న బొట్టు బయటికి వచ్చిందంటే లోపలికి ఎంత వెళ్ళిందో దేవుడికే తెలియాలి. వేసిన తర్వాత పాప సగం పాలు తాగి నిద్రపోతే షుగర్ పడిపోయేది. నుదురంతా చెమట, పాదాలు చల్లగా, తట్టి లేపినా కళ్ళు తెరిచేది కాదు. మా అమ్మాయి అర్ధరాత్రి లేచి మడమ మీద గుచ్చి చూసేది. కరెంటు పోతే ఫ్రిజ్‌లో వయల్ ఏమవుతుందోనని ఒక టెన్షన్.

కొన్ని వారాలకు హైదరాబాద్‌లో పిల్లల హార్మోన్ల డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ముందు ఒక్కటే అడిగారు, ‘ఎన్నో నెలలో బయటపడింది?’ అని. రెండో నెలలో అనగానే పాప రక్తంతో పాటు అమ్మాయిదీ అల్లుడిదీ కూడా తీయించి జన్యు పరీక్షకు పంపారు. టైప్ 1 అంటే మన రోగనిరోధక శక్తి, ఇన్సులిన్ తయారుచేసే మన బీటా కణాల మీదే పడి వాటిని నాశనం చేయడం. ఆరు నెలలు నిండని బిడ్డలో అలా జరగడం బహు అరుదు. అందుకే ఆ వయసులో షుగర్ కనిపిస్తే ఆలస్యం చేయకుండా జన్యు పరీక్ష చేయాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెబుతోంది. పిల్లల మధుమేహ నిపుణుల అంతర్జాతీయ సంఘం ఇస్పాడ్ కూడా అదే చెబుతోంది. అంటే ఇది ఎవరో ఒక డాక్టరు సొంత అభిప్రాయం కాదు.

రిపోర్టు వచ్చింది. పాప 11వ క్రోమోజోములో కేసీఎన్‌జే11 అనే జన్యువుంది. అందులో డీఎన్‌ఏ అక్షరాల్లో ‘జీ’ ఉండాల్సిన ఒక చోట ‘ఏ’ పడింది. ఆ ఒక్క అక్షరం వల్ల, 390 అమైనో ఆమ్లాల ప్రొటీన్‌లో 201వ స్థానంలో ఆర్జినిన్‌కు బదులు హిస్టిడిన్ చేరింది. అంతే తేడా. దానికే పసిదాని షుగర్ మీటరులో అంకెకు అందనంత పైకి పోయింది.

ఆ ప్రొటీన్ ఏం చేస్తుందో కాస్త వివరంగా రాస్తాను. పాఠకులు విసుక్కోరనే నా నమ్మకం, ఎందుకంటే ఇన్సులిన్ ఎలా బయటికి వస్తుందన్నది షుగర్ ఉన్న ప్రతి ఇంటికీ సంబంధించిన సంగతి. క్లోమంలోని బీటా కణాల పొరలో పొటాషియం బయటికి పోయే చానెళ్ళు, అంటే సన్నని దారులు ఉంటాయి. ఆ ప్రొటీన్ వాటిలో భాగమే. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు అవి తెరుచుకునే ఉంటాయి. పొటాషియం బయటికి పోతూ ఉంటుంది కాబట్టి కణం లోపలి వైపు, బయటితో పోలిస్తే, సుమారు మైనస్ 70 మిల్లీవోల్టుల దగ్గర నిలకడగా ఉంటుంది. ఇన్సులిన్ విడుదల కాదు. అన్నం తిన్నాక గ్లూకోజ్ కణంలోకి వెళుతుంది. గ్లూకోకైనేజ్ అనే ఎంజైముతో దాని వాడకం మొదలవుతుంది, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం తయారవుతుంది. పెరిగిన ఏటీపీ వెళ్ళి పొటాషియం చానెల్‌కు అతుక్కుని దాన్ని మూసేస్తుంది. పొటాషియం బయటికి పోవడం ఆగగానే ఆ వోల్టేజి మారుతుంది, దాంతో కాల్షియం చానెళ్ళు తెరుచుకుంటాయి. కాల్షియం లోపలికి వచ్చిన వెంటనే, నిల్వ ఉన్న ఇన్సులిన్ రక్తంలోకి విడుదలవుతుంది. తిన్నప్పుడే ఇన్సులిన్ రావడం, తిననప్పుడు ఆగడం ఈ చానెల్ చలవే.

పాప విషయంలో ఏటీపీ తయారవుతోంది, ఇన్సులిన్ నిల్వ కూడా ఉంది. చానెల్ మాత్రం మూతపడదు. మా డెల్టాలో తుప్పు పట్టి బిగుసుకుపోయిన తూము షట్టర్లను చూస్తుంటాం, లస్కరు ఎంత తిప్పినా కిందికి దిగవు. అదే పరిస్థితి. టైప్ 1లో బీటా కణాలే పోతాయి. ఇక్కడ కణాలు నిక్షేపంగా ఉండి కూడా ఇన్సులిన్ వదలలేకపోతున్నాయి. ఈ తేడా డిశ్చార్జి కాగితం మీద లేకపోవడం వల్లే పాపకు అన్ని వారాలు సూదులు పడ్డాయి.

ఏటీపీ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి దాన్ని కండరాల నుంచి వేరుచేసినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నారు. శ్వాసక్రియ పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలకు ఆయన గురించి చెప్పేదాన్ని. ఆ ఏటీపీ మాటే మా పాప చానెల్ వినడం లేదని రిపోర్టు చేతిలో పట్టుకుని అర్థం చేసుకున్న రోజున, ఇన్నేళ్ళు నేను చెప్పిన పాఠం ఎంత లోతైనదో నాకే కొత్తగా తెలిసింది.

ఈ చానెల్‌ను 1983లో జపాన్ శాస్త్రవేత్త అకినోరి నోమా ముందుగా గుండె కండర కణాల్లో గుర్తించారు. 1984లో ఇంగ్లండ్‌కు చెందిన ఫ్రాన్సెస్ ఆష్‌క్రాఫ్ట్, ఆమె సహచరులు ఎలుక బీటా కణాల మీద గాజు పిపెట్టు ఆనించి చూసి, గ్లూకోజ్ ఇస్తే అందులోని పొటాషియం చానెళ్ళు మూసుకుంటున్నాయని చూపించారు. దాని నిర్మాణానికి రెండు రకాల ప్రొటీన్లు కావాలి. కిర్6.2 అనేవి (కేసీఎన్‌జే11 జన్యువు నుంచి వచ్చేది ఇదే) నాలుగు కలిసి మధ్యలో దారిని ఏర్పరుస్తాయి, సర్1 అనేవి నాలుగు చుట్టూ చేరతాయి. సర్1కు కావలసిన ఏబీసీసీ8 జన్యువు కూడా 11వ క్రోమోజోము మీద, కేసీఎన్‌జే11 పక్కనే ఉంది. దానిలో తేడా వచ్చినా ఇదే జబ్బు రావచ్చు.

మందు కథ ఇంకా పాతది. 1942లో ఫ్రాన్స్‌లోని మాంట్‌పెల్లియేలో మార్సెల్ జాన్‌బన్ అనే డాక్టరు టైఫాయిడ్ రోగులకు కొత్త సల్ఫా మందు ఒకటి ఇస్తుంటే కొందరికి షుగర్ ప్రమాదకరంగా పడిపోయింది. అది ఎందుకు జరిగిందో ఆగస్త్ లూబాతియెర్ పట్టుబట్టి పరిశోధించారు. ఆ దారిలోనే సల్ఫోనైల్‌యూరియా మందులు వచ్చాయి. 1969లో గ్లిబెన్‌క్లమైడ్ వచ్చింది. మా నాన్నగారు టిఫిన్‌కు ముందు వేసుకున్న డయోనిల్ అదే. అది సర్1 ప్రొటీన్‌ను పట్టుకుని, ఏటీపీ ప్రమేయం లేకుండానే చానెల్‌ను మూసేస్తుంది. ఈ సంగతి తెలియకముందే కోట్లమంది ఆ బిళ్ళ మింగారు.

2004లో అన్నా గ్లాయిన్, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌కు చెందిన ఆండ్రూ హాటర్స్‌లీ, వారి సహచరులు కేసీఎన్‌జే11 జన్యువులోని మార్పుల వల్లే కొందరు పసివాళ్ళకు శాశ్వత మధుమేహం వస్తోందని నిరూపించారు. చానెల్ మూతపడకపోవడమే జబ్బయితే, దాన్ని మూసే బిళ్ళ దశాబ్దాలుగా మన దగ్గరే ఉంది కదా! 2006లో వచ్చిన అధ్యయనంలో ఇలాంటి 49 మందికి ఆ మందు ఇస్తే 44 మంది ఇన్సులిన్ పూర్తిగా మానేయగలిగారు. 2018లో, సుమారు పదేళ్ళ తర్వాత పరిస్థితి ఏమిటని 81 మందిని చూస్తే, నూటికి 93 మంది ఒక్క ఇన్సులిన్ సూది లేకుండా ఆ మందు మీదే ఉన్నారు. ఇవి పేరున్న వైద్య పత్రికల్లో వచ్చిన ఫలితాలు.

పాపను బిళ్ళ మీదికి మార్చడానికి ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఇంట్లో చేసే పని కాదది. నర్సు బిళ్ళను రెండు చెంచాల మధ్య నలిపి, మెత్తగా పొడి చేసి, కొలిచిన మరిగించి చల్లార్చిన నీళ్ళలో కలిపేది. పొడి అడుక్కి దిగిపోకుండా బాగా కలుపుతూ, సూది లేని సిరంజిలోకి లాగి, బుగ్గ పక్క నుంచి కొంచెం కొంచెంగా పోసేది. రోజూ మోతాదు పెంచుతూ, మీటరు చూసుకుంటూ ఇన్సులిన్ తగ్గిస్తూ వచ్చారు. కిలో బరువుకు ఇంత అని లెక్క వేస్తే పెద్దవాళ్ళకు ఇచ్చే దానికంటే ఎక్కువే పట్టింది. మొదట్లో విరేచనాలయ్యాయి, తగ్గిపోయాయి. వారం తిరిగేసరికి చార్టులో ఇన్సులిన్ గడి ఖాళీగా ఉంది. సీ-పెప్టైడ్ పరీక్షలో పాప సొంత ఇన్సులిన్ తయారవుతున్నట్టు కనిపించింది. మా అల్లుడు ఆ కాగితాన్ని అందరికీ చూపించాడు, చదవడం రాని మా అమ్మకు కూడా.

ఇప్పుడు పాప ఎల్‌కేజీ. బిళ్ళ నలిపి ఇవ్వడం ఇంకా మా పనే. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ ఆరు, ఆరున్నర మధ్య ఉంటోంది. భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోవచ్చు కాబట్టి టీచరు దగ్గర గ్లూకోజ్ పొట్లం పెట్టాం. పళ్ళ మీద మరకలు వస్తాయేమో చూడమన్నారు, చూస్తున్నాం. పెళ్ళిళ్ళకు వెళ్ళినా ప్రయాణాలు చేసినా ఐసు డబ్బా మోసుకెళ్ళే అవసరం లేదు.

ఒక ఇబ్బంది ఉంది. ఈ మధ్య మందుల షాపుల్లో ఒట్టి గ్లిబెన్‌క్లమైడ్ అడిగితే తేలిగ్గా దొరకడం లేదు. చాలాచోట్ల మెట్‌ఫార్మిన్ కలిపిన బిళ్ళే ఉంటోంది. మొన్నొక షాపులో ‘రెండూ ఒకటేనండీ’ అంటూ అదే చేతిలో పెట్టారు. ఒకటి కాదు. పసిబిడ్డకు కలిపిన బిళ్ళ ఇవ్వకూడదు. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవకుండా ఎవరూ డబ్బులు ఇవ్వొద్దు.

ఇక అసలు నాకు కడుపు మండిన సంగతి. పాప ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ చూడ్డానికి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న, ‘ఎవరి వైపు నుంచి వచ్చింది?’ అని. మా అమ్మాయి కడుపుతో ఉన్నప్పుడు మామిడిపళ్ళు ఎక్కువ తిందన్నారు. మా నాన్నగారికి షుగర్ ఉండేది కాబట్టి మా రక్తంలోనే ఉందన్నారు. ఒకావిడ అయితే బిడ్డకు పాలిస్తున్న పిల్ల ముందే అంది, ‘ముందే తెలిసుంటే సంబంధం చూసుకునేవాళ్ళం కాదేమో’ అని. మా వియ్యపురాలు ఆవిడను గదిలోంచి లేచి వెళ్ళమంది. ఆ ఒక్క పనికి ఆమెకు నేను జన్మంతా రుణపడి ఉంటాను. రిపోర్టులో అమ్మాయి రక్తంలో గానీ అల్లుడి రక్తంలో గానీ ఆ మార్పు లేదు. అది పాపలోనే కొత్తగా వచ్చింది. కేసీఎన్‌జే11 వల్ల జబ్బు వచ్చిన పిల్లల్లో ఎక్కువమందికి ఇలా కొత్తగానే వస్తుంది. తల్లి తిన్న తిండికీ దానికీ సంబంధం లేదు. తాతగారి షుగర్‌కూ సంబంధం లేదు. రేపు మా పాపకు పిల్లలు పుడితే మాత్రం ప్రతి కాన్పులోనూ సగం సగం అవకాశం ఉంటుంది. అది తెలిసి ఉంటే పుట్టిన రోజు నుంచే షుగర్ చూస్తారు.

మేనరికాల గురించి కూడా చెప్పాలి, మన దగ్గర అవి ఇంకా జరుగుతున్నాయి కాబట్టి. ఎక్సెటర్ బృందం ఆరు నెలల్లోపు షుగర్ బయటపడిన 1020 మందిని 79 దేశాల నుంచి పరీక్షించింది. దగ్గరి బంధుత్వం లేని పెళ్ళిళ్ళలో పుట్టినవాళ్ళలో నూటికి 46 మందికి ఈ పొటాషియం చానెల్ జన్యువుల్లోనే తేడా కనిపించింది. రక్తసంబంధం ఉన్నవాళ్ళ పిల్లల్లో నూటికి 12 మందికే. ఈ రెండో గుంపులో ఎక్కువగా కనిపించేది వోల్కాట్-రాలిసన్ అనే మరో జబ్బు. అది ఎముకలనూ కాలేయాన్నీ కూడా దెబ్బతీస్తుంది, దానికి ఈ బిళ్ళ పనిచేయదు. ఆ తల్లిదండ్రులకు పరీక్ష మరింత అవసరం. ముందు ముందు కాలేయం మీద కన్నేసి ఉంచాలని తెలుస్తుంది, తర్వాతి కాన్పులో నాలుగింట ఒక వంతు మళ్ళీ వచ్చే అవకాశం ఉందనీ తెలుస్తుంది.

తొందర ఎందుకంటే, ఈ చానెళ్ళు మెదడులో కూడా ఉన్నాయి. కొన్ని మార్పులు తీవ్రమైనవి. అలాంటి పిల్లలకు షుగర్‌తో పాటు మూర్ఛలు వస్తాయి, మెడ నిలపడం, కూర్చోవడం, మాటలు రావడం ఆలస్యమవుతాయి. ఇన్సులిన్ షుగర్‌ను తగ్గిస్తుంది గానీ ఆ చానెళ్ళను మూయలేదు. బిళ్ళ కొంతవరకైనా అక్కడా పనిచేస్తుంది, ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత మేలు. మా పాపది ఆ తీవ్రమైన రకం కాదు, అది మా అదృష్టం. అందరికీ ఆ అదృష్టం ఉండదు.

ఇవే జన్యువుల్లో దీనికి తిరగబడిన తేడా కూడా వస్తుంది. చానెల్ ఎప్పుడూ మూసుకునే ఉంటుంది, ఇన్సులిన్ ఆగకుండా వస్తుంది, పుట్టిన పిల్లకు షుగర్ పడిపోయి ఫిట్స్ వస్తాయి. డయజాక్సైడ్ అనే మందు చానెల్‌ను తెరిపిస్తుంది, అయితే అందరికీ పనిచేయదు. పురిటి వార్డుల్లో ఫిట్స్ వచ్చిన ప్రతి బిడ్డకూ వెంటనే షుగర్ చూడాలని డాక్టర్లు అనేది ఇందుకే.

ఈ ఉత్తరం చదివి ఎవరైనా తమ బిడ్డకు ఇన్సులిన్ ఆపేస్తారేమోనని నాకు చాలా భయంగా ఉంది. దయచేసి ఆ పని చేయకండి. మామూలు టైప్ 1లో బీటా కణాలే మిగలవు, మూయడానికి చానెల్ ఉండదు. బిళ్ళ దండగ. ఇన్సులిన్ ఆపితే రోజుల్లో ప్రాణం పోతుంది. మీ పత్రిక జిల్లా పేజీల్లో ‘ఇన్సులిన్ మానిపిస్తాం, షుగర్‌ను సమూలంగా నయం చేస్తాం’ అనే ప్రకటనలు కనిపిస్తున్నాయి. సంపాదకులు గారూ, ఆరోగ్య పేజీలో ఇంత మంచి వ్యాసం వేసే మీరు అవి ఎలా వేస్తున్నారు? వాటిని ఆపించండి. జన్యు పరీక్ష రిపోర్టు చేతికి వచ్చి, నిపుణుడైన డాక్టరు చెప్పి, ఆసుపత్రిలో ఉంచి మార్చే దాకా ఇన్సులిన్ ఒక్క పూట కూడా తప్పకూడదు.

పెద్దవాళ్ళ షుగర్‌కూ ఈ జన్యువుకూ సంబంధం లేదా అని అడుగుతారు. కొద్దిగా ఉంది. కేసీఎన్‌జే11లోనే 23వ స్థానంలో చాలామందిలో కనిపించే ఒక మార్పు టైప్ 2 ముప్పును కాస్త పెంచుతుంది. అలాంటివి ఇంకా ఎన్నో జన్యువులు కలిస్తే, తిండి, బరువు, కూర్చుని చేసే ఉద్యోగం తోడైతే అప్పుడు ఆ జబ్బు. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్లమందికి షుగర్ ఉంది. వాళ్ళందరికీ జన్యు పరీక్ష అక్కర్లేదు. పసివాళ్ళలో ఇది చాలా అరుదైన జబ్బు. అరుదు కాబట్టే ప్రతి ఊళ్ళో డాక్టరుకూ గుర్తుండదు, గుర్తు చేయాల్సిన బాధ్యత మీలాంటి పత్రికలది.

ప్రభుత్వాలను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. గుంటూరు, విజయవాడ, వరంగల్, కర్నూలు లాంటి చోట్ల పెద్దాసుపత్రుల పిల్లల వార్డుల్లో, ఆరు నెలల్లోపు బిడ్డకు షుగర్ కనిపిస్తే రక్తం తీసి జన్యు పరీక్షకు పంపాలని ఒక ఉత్తర్వు చాలు. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో ఈ పరీక్షలు చేస్తున్నారు. ఎక్సెటర్ బృందం ప్రపంచంలో ఎక్కడి పసివాళ్ళ రక్తాన్నైనా ఉచితంగా పరీక్షిస్తూ వచ్చింది. అంత దూరం పంపే అవసరం లేకుండా మన ఆరోగ్య పథకాల్లోనే ఈ పరీక్షకు స్పష్టంగా చోటివ్వాలి. ఏళ్ళ తరబడి ఇన్సులిన్‌కు, సిరంజిలకు, షుగర్ పడిపోయి ఆసుపత్రిలో చేరినందుకు అయ్యే ఖర్చుతో పోలిస్తే ఒక్కసారి చేసే పరీక్ష ఎంత? చిన్నప్పుడే సూదులు మొదలై ఇప్పుడు పెద్దవాళ్ళయినవారికి కూడా, ఆరు నెలల్లోపే జబ్బు బయటపడి ఉంటే ఈ పరీక్ష చేయించుకునే వీలు ఉండాలి. వాళ్ళలోనూ కొందరు మారగలిగారు, వయసు పెరిగేకొద్దీ మారడం కష్టమవుతుంది గానీ అసాధ్యమేమీ కాదు.

మీ ఆరోగ్య పేజీలో ఈ విషయం మీద పిల్లల హార్మోన్ల డాక్టరు చేత ఒక పూర్తి వ్యాసం రాయించమని కోరుతున్నాను. పాప ముందు ముందు తన సంగతి తానే చెప్పుకుంటుందో లేదో తెలియదు కాబట్టి ఇక్కడ నా పేరు వేయొద్దు. పేరు, చిరునామా విడిగా మీకు పంపుతున్నాను. ఇలాంటి బిడ్డ ఉన్న కుటుంబం ఎవరైనా మీ కార్యాలయానికి రాస్తే ఆ ఉత్తరం నాకు చేర్చండి. రిపోర్టులో ఏ పేజీ చూడాలో, డాక్టరును ఏమడగాలో, బిళ్ళ పొడి నీళ్ళలో ఎలా కలపాలో కూర్చుని చెప్పే తీరిక నాకుంది. ఫోన్‌లోనైనా సరే, వాళ్ళు తెనాలి వస్తే ఇంటికొచ్చినా సరే.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయిని,
తెనాలి